మైనస్ పది, మైనస్ అయిదు: షాంఘై డెర్బీకి ముందు

ముందే ఒప్పేసుకుంటున్నా. మన దగ్గర చైనా ఫుట్‌బాల్ లీగు చూసేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా ఆఫీసులో అయితే ఒక్క వేలు చాలు, ఆ వేలూ నాదే. "ప్రపంచంలో ఇన్ని లీగులుండగా నీకు అదే దొరికిందా?" అని మా టీములో వాళ్ళు నవ్వుతూంటారు. అక్కడ మ్యాచులు మామూలుగా రాత్రి ఏడున్నర దాటాక మొదలవుతాయి. అంటే మనకి సాయంత్రం అయిదు. వారం మధ్యలో పడిందంటే సరిగ్గా మా టీం మీటింగ్ టైము. ఒక చెవిలో కొత్త రిలీజు గోల, ఇంకో చెవిలో మాండరిన్ కామెంటరీ. రెండూ సమానంగానే అర్థమవుతాయి నాకు :)

ఈ సీజన్లో షాంఘై డెర్బీ దగ్గరపడుతోంది. షెన్హువా, పోర్ట్ జట్ల మధ్య మ్యాచ్. నీలం చొక్కాలు షెన్హువావి, ఎర్ర చొక్కాలు పోర్ట్‌వి. ఒకే ఊరు, మధ్యలో హువాంగ్‌పూ నది. నదికి పడమర పుషీ, తూర్పున పుతోంగ్. పుషీ అంటే పాత ఊరు, పుతోంగ్ అంటే ఫొటోల్లో కనిపించే ఆకాశహర్మ్యాల ఊరు. మనవాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేట్టు చెప్పాలంటే చార్మినారూ, గచ్చిబౌలీ అనుకోండి. పోలిక పూర్తిగా అతకదనుకోండి, అయినా కానిచ్చేద్దాం.

మామూలుగా మ్యాచ్ ముందు రాసేవాళ్ళు పాయింట్ల పట్టికతో మొదలుపెడతారు. ఈ ఏడాది ఆ పట్టికే విచిత్రం. 2026 జనవరి ఆఖర్లో చైనా ఫుట్‌బాల్ సంఘం మ్యాచ్ ఫిక్సింగ్, లంచాల వ్యవహారాల్లో 73 మందిని జీవితాంతం ఆటకి దూరం పెట్టింది. వాళ్ళలో జాతీయ జట్టు మాజీ కోచ్ లీ త్యే కూడా వున్నాడు. ఒకప్పుడు ఇంగ్లండులో ఎవర్టన్‌కి ఆడినవాడు, 2024 డిసెంబర్లో 20 ఏళ్ళ జైలుశిక్ష పడినవాడు. మనుషులతో ఆగలేదు, క్లబ్బులకీ కోత పెట్టారు. మొదటి డివిజన్లోని 16 క్లబ్బుల్లో తొమ్మిది సీజన్ని సున్నా కన్నా కిందనుంచి మొదలుపెట్టాయి. షెన్హువాకి మైనస్ 10, పోర్ట్‌కి మైనస్ 5.

ప్రోగ్రాములు రాసేవాడిని కాబట్టి లెక్క సున్నా నుంచి మొదలవడం నాకు అలవాటే. మైనస్ పది నుంచి మొదలవడం మాత్రం కొత్త. కానీ ఆ అంకెల్ని ఓసారి పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో పోర్ట్ 78 పాయింట్లతో లీగు గెలిచింది, షెన్హువాకి 77 వచ్చాయి. 30 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్కటే ఓడి కూడా షెన్హువా రెండోస్థానంలో మిగిలిపోయింది! 2025లో మళ్ళీ అదే కథ, ఈసారి తేడా రెండు పాయింట్లు. మొదటి ఏడాది ఒకటి, తర్వాతి ఏడాది రెండు, మొత్తం కలిపినా మూడు. ఈ ఏడాదేమో బంతిని ఎవరూ తన్నకముందే రెండు జట్ల మధ్యా అయిదు పాయింట్ల తేడా. తప్పు చేసినవాళ్ళకి శిక్ష పడాలి, కాదనను. అయినా గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఇంతకీ నాకీ పిచ్చి ఎలా పట్టిందో చెప్పలేదు కదూ. 2024 సెప్టెంబర్లో మా కంపెనీ పని మీద మూడు నెలలు షాంఘైలో వున్నాను. అక్కడి టీములో ఒకాయన వున్నారు, యాభై దాటిన మనిషి. పేరెందుకులెండి, పెద్దాయన అందాం. డేటాబేసుల్లో ఆయన్ని మించినవాడు లేడు. మాట మాత్రం పొదుపు. మొదటి రెండు వారాలూ మా ఇద్దరి మధ్య సంభాషణ "మార్నింగ్", "బై" అంతే. ఒకరోజు ఆయన మానిటర్ పక్కన వెలిసిపోయిన నీలం కండువా చూసి "ఇదేంటండీ?" అన్నాను. అంతే! గంటన్నర మాట్లాడారు. ఆరోజు నాకు షెన్హువా అనే మాటకి అర్థం తెలిసింది. 'షెన్' అనేది షాంఘైకి వున్న పాత పొట్టిపేర్లలో ఒకటి. 'హువా' అంటే పువ్వు. ఊరి పువ్వు అన్నమాట. ఒక ఫుట్‌బాల్ జట్టుకి ఎంత సుకుమారమైన పేరో!

చైనాలో ప్రొఫెషనల్ లీగు 1994లో మొదలైంది. 1995లోనే షెన్హువా ఛాంపియన్. అప్పటి కోచ్ షూ గెన్‌బావ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ తర్వాత మళ్ళీ 2003లో గెలిచారు. కానీ 2013లో పాత ఫిక్సింగ్ కేసులు తేలాక ఆ 2003 టైటిల్ని వెనక్కి తీసేసుకున్నారు. అప్పుడూ పాయింట్ల కోత వేశారు, ఆ సీజన్ మైనస్ 6తో మొదలైంది. అంటే ఈ మైనస్ ఆట షెన్హువాకి రెండోసారి. జాతీయ కప్పు నాలుగుసార్లు గెలిచారు గానీ, లీగు మాత్రం లెక్కలో నిలిచింది ఆ 1995దొక్కటే.

"మరి 2003 సంగతి మీరేమనుకుంటారు?" అని అడిగాను పెద్దాయన్ని. ఆయన టీ గ్లాసు మూత తీసి, ఆకులు ఊది, మళ్ళీ మూతపెట్టి, "వాళ్ళు గెలిచిన వారంలోనే నా పెళ్ళి ఖాయమైంది. టైటిల్ రద్దు చేశారు. పెళ్ళి మాత్రం అలాగే వుంది" అన్నారు. నవ్వాలా వద్దా తెలీలేదు. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు పోర్ట్ కథ. ఇక్కడే నాకు మజా అనిపించేది. షెన్హువాకి 1995లో కప్పు తెచ్చిపెట్టిన ఆ షూ గెన్‌బావ్ గారే 2000లో యాంగ్జీ నది ముఖద్వారంలోని చోంగ్‌మింగ్ దీవిలో పిల్లల ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడి పిల్లలతోనే 2005 చివర్లో షాంఘై ఈస్ట్ ఏషియా అనే క్లబ్బు పుట్టించారు. అందులో వూ లే అనే కుర్రాడు 2006లో పద్నాలుగేళ్ళ వయసులోనే ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడేశాడు. నేను పద్నాలుగేళ్ళప్పుడు ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో నిద్రపోతున్నా. ఆ కుర్రాళ్ళే కింది డివిజన్ల నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి 2013 నాటికి మొదటి డివిజన్‌కి వచ్చారు. 2014లో ఊరి పోర్టు నడిపే ప్రభుత్వ కంపెనీ క్లబ్బుని కొనేసింది. ఇక డబ్బే డబ్బు. బ్రెజిల్ ఆటగాడు హల్క్ వచ్చాడు, చెల్సీ నుంచి ఆస్కార్ వచ్చాడు. 2018లో మొదటి టైటిల్, తర్వాత 2023, 2024, 2025 వరసగా మూడు. స్పెయిన్‌లో ఎస్పాన్యోల్‌కి ఆడి, బార్సిలోనా మీద గోల్ కొట్టి తిరిగొచ్చిన వూ లే, 2024లో 34 గోల్స్ కొట్టాడు. పద్నాలుగేళ్ళకి మొదలుపెట్టినవాడు ముప్ఫైమూడు దగ్గరపడ్డాక కొట్టిన గోల్స్ అవి.

అంటే రెండు జట్లకీ పునాది వేసిన చెయ్యి ఒకటే. ఒకటి పెద్దభార్య కొడుకు, ఒకటి చిన్నభార్య కొడుకు అన్నట్టుంది వ్యవహారం. పెద్దాయనకి ఈ మాట చెప్తే, అనువాదంలో ఏం అర్థమైందో గానీ, రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అదే టీములో పోర్ట్ అభిమాని ఒక కుర్రాడు కూడా వున్నాడు, పుతోంగ్‌లో పుట్టి పెరిగినవాడు. వాడి వాదన వాడిది. "అందరూ మమ్మల్ని డబ్బు జట్టంటారు. చోంగ్‌మింగ్ బురదలో ఆడి పైకొచ్చింది మావాళ్ళు. కొనుక్కున్న జట్టు వాళ్ళది" అంటాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడనేదాంట్లో కొంత నిజం వుంది. 2007లో జూ జున్ అనే వ్యాపారి, అప్పటికే తన చేతిలో వున్న షాంఘై యునైటెడ్ అనే ఇంకో జట్టుని తెచ్చి షెన్హువాలో కలిపేశాడు. ఈయన మన లైనువాడే, ఆన్‌లైన్ గేముల కంపెనీ యజమాని. చైనాలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటని 2009 దాకా నడిపింది ఆయన కంపెనీయే. అదే 2007లో లివర్‌పూల్‌తో జరిగిన ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో తనే బూట్లు కట్టుకుని కాసేపు మైదానంలోకి దిగాడు! డబ్బున్నవాడికి వుండే సరదా అది. 2012లో ద్రోగ్బా, అనెల్కాలని తెచ్చిందీ ఆయన హయాంలోనే. వాళ్ళు ఎంత సందడిగా వచ్చారో అంత త్వరగానూ వెళ్ళిపోయారు. తర్వాత వేరే యజమానుల కాలంలో, 2017లో, తెవెజ్ అంతకన్నా పెద్ద జీతానికి వచ్చి ఏడాది తిరక్కుండా అర్జెంటీనా వెళ్ళిపోయాడు.

అదే 2017 డెర్బీలకి మంచి ఉదాహరణ. లీగులో ఎర్రచొక్కాలు 6-1తో చితక్కొట్టారు. అదే సంవత్సరం కప్పు ఫైనల్లో మళ్ళీ వీళ్ళిద్దరే తలపడితే, రెండు మ్యాచులూ కలిపి 3-3 అయ్యి, బయట కొట్టిన గోల్స్ లెక్కన షెన్హువా కప్పు ఎత్తుకుపోయింది. 2024లో కూడా అంతే, సీజన్ మొదట్లో సూపర్ కప్పులో షెన్హువా 1-0తో గెలిచింది, ఏడాది చివరికి లీగూ జాతీయ కప్పూ రెండూ పోర్ట్ చేతిలో వున్నాయి. అంచేత ఈ డెర్బీలో ఫామ్ చూసి పందెం కట్టేవాడి జేబు ఖాళీ అవడం ఖాయం.

ఇంక మైదానాల సంగతి. పోర్ట్ ఇప్పటి ఇల్లు పుతోంగ్ ఫుట్‌బాల్ స్టేడియం, పైనుంచి చూస్తే తెల్లటి పింగాణీ గిన్నెలా వుంటుంది. అందులో 2020లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ ఫైనల్ కూడా జరిగింది. మా హాస్టల్ బ్యాచ్‌కి ఆ స్టేడియం తెలిసింది అలాగే. షెన్హువాది పాత హాంగ్‌కౌ మైదానం, 1999లో కట్టింది, కేవలం ఫుట్‌బాల్ కోసమే అని చైనాలో కట్టిన మొదటి స్టేడియం. 2024లో నేనున్నప్పుడు మాత్రం షెన్హువా మ్యాచులు షాంఘై స్టేడియంలో జరిగాయి. ఊళ్ళోవాళ్ళు దాన్ని 'ఎనభైవేల మంది స్టేడియం' అనే పిలుస్తారు. తమాషా ఏంటంటే అది ఒకప్పుడు పోర్ట్ వాళ్ళ ఇల్లు. పెద్దాయన అక్కడికెళ్ళడానికి మొదట్లో మొహమాటపడ్డారట, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిన ఇంట్లో దిగినట్టుందని.

సరే, నన్ను కట్టిపడేసిన సంగతికి వస్తా. 2014లో గ్రీన్‌లాండ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ షెన్హువాని కొన్నది. కొని, పేరు షాంఘై గ్రీన్‌లాండ్ అని మార్చింది. పువ్వు పోయింది. అభిమానులు వూరుకోలేదు. గొడవ చేశారు, నిరసనలు తెలిపారు. చివరికి కంపెనీ దిగొచ్చి షాంఘై గ్రీన్‌లాండ్ షెన్హువా అని పెట్టింది. తర్వాత 2021 సీజన్ నుంచి క్లబ్బు పేర్లలో కంపెనీల పేర్లుండకూడదని సంఘమే రూలు పెట్టడంతో గ్రీన్‌లాండ్ పోయింది, షెన్హువా మిగిలింది. (అదే రూలుతో పోర్ట్ కూడా మారింది. మనవాళ్ళలాగే వాళ్ళూ తెలివైనవాళ్ళు, పోర్టు కంపెనీ పేరు తీసేసి ఊరికే 'ఓడరేవు' అని పెట్టుకున్నారు. రూలుకి రూలూ, పేరుకి పేరూ!)

పెద్దాయన ఆ కథ చెప్తూంటే నేను మా హైదరాబాదు జట్టు గురించి గొప్పలు పోయాను. ఎందుకు పోను? మా తాతయ్య, అంటే అమ్మావాళ్ళ నాన్న, ఫతే మైదాన్‌లో ఫుట్‌బాల్ చూస్తూ పెరిగిన మనిషి. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుని తయారుచేసిన రహీం సాబ్ కోచ్‌గా మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. ఆయన 1963లో పోయారు. తాతయ్య ఆ సంగతి చెప్పేటప్పుడు ఇంట్లో పెద్దమనిషి పోయినట్టు చెప్పేవారు. ఆ తర్వాత మా ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే పాత కబుర్లే.

అలాంటిది 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పసుపూ, నలుపూ. గచ్చిబౌలి స్టేడియం. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్, కేరళ మీద 1-1. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఛాంపియన్లం! ఆ రాత్రి హాస్టల్ టెర్రస్ మీద మేం చేసిన గోలకి వార్డెన్ పైకొచ్చి, స్కోరు అడిగి, వెళ్ళిపోయాడు.

ఈ కథంతా పెద్దాయనకి చెప్పి, నా పసుపు కండువా ఆయనకిచ్చాను. ఆయన తన నీలం కండువా నాకిచ్చారు. వెలిసిపోయింది కాదు, ఇంట్లోంచి ఇంకోటి తెచ్చి. ఆరోజు 2024 నవంబర్ 2, శనివారం, లీగు చివరి రోజు. ఆఫీసు దగ్గర చిన్న నూడుల్స్ హోటల్లో గోడకున్న టీవీ ముందు కూర్చున్నాం. నేను టమాటా-గుడ్డు కూర, అన్నం (మూడు నెలలూ నన్ను బతికించింది ఆ కూరే). అక్కడ టియాంజిన్‌లో పోర్ట్ ఒకటి తర్వాత ఒకటి గోల్స్ కొడుతూనే వుంది. మొత్తం 5-0. ఆఖరికి ఒక్క పాయింటు తేడా. హోటల్లో ఎవరూ అరవలేదు, తిట్టలేదు. పెద్దాయన బిల్లు కట్టి, "పద, మెట్రో రద్దీ అవుతుంది" అన్నారంతే.

2025లో మా హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్ళిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అంతకుముందు రెండేళ్ళుగా డబ్బు ఇబ్బందులూ, ఆటగాళ్ళు వెళ్ళిపోవడాలూ చూస్తూనే వున్నాం కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఎవరినో తిట్టడానికి కాదు ఇది రాయడం. ఖర్చు పెట్టేవాడికి వాడి లెక్కలుంటాయి. కానీ మేం ఏం చేశాం? షెన్హువా వాళ్ళలా గొడవ చేశామా? నాకైతే గుర్తులేదు. వార్త చూసి, ఒక ఏడుపుబొమ్మ పెట్టి, మళ్ళీ కోడ్ రాసుకున్నాను. మేం కొంచెం తక్కువమంది, కొంచెం బద్ధకస్తులం. ఆరేళ్ళ వయసున్న పేరు కోసం ఎవరు వీధికెక్కుతారు?

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే మోసం. 2019లో మా జట్టు వచ్చిందే పుణె జట్టు మూతపడి ఖాళీ అయిన చోట్లోకి. ఆ ఆనందంలో పుణెలో ఎవడైనా ఒక కుర్రాడు ఆరంజ్ రంగు కండువా మడిచి అలమరలో పెట్టుకుని వుంటాడని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఇప్పుడనుకుంటున్నా.

చైనాలో అయితే ఇది ఇంకా ఘోరం. జియాంగ్సు జట్టు 2020లో ఛాంపియన్ అయ్యి, 2021 ఫిబ్రవరికల్లా మూతపడింది. కప్పు గెలిచి మూడునెలలు! ఎనిమిదిసార్లు లీగు, రెండుసార్లు ఆసియా టైటిల్ గెలిచిన గ్వాంగ్‌జౌ 2025 జనవరిలో అప్పుల వల్ల లైసెన్సు దక్కక రద్దయిపోయింది. రియల్ ఎస్టేట్ డబ్బుతో ఎగిరిన జట్టు, ఆ డబ్బుతోనే కూలింది. అలాంటి చోట ఒక ఊరికి రెండు జట్లు మిగిలివుండటం, ఆ రెండూ కిందటి రెండేళ్ళూ మొదటి రెండు స్థానాల్లో వుండటం మామూలు సంగతి కాదు. మైనస్ పదైనా, మైనస్ అయిదైనా, ఒక పట్టికలో వాళ్ళ పేరుంది. సున్నా కన్నా కింద వుండటం వేరు, అసలు వరసే లేకపోవడం వేరు. డేటాబేసు పనిచేసేవాళ్ళకి ఈ తేడా నేను చెప్పనక్కర్లేదు.

జనవరిలో కోత వార్త రాగానే పెద్దాయనకి మెసేజ్ పెట్టాను, ఎలా వున్నారని. జవాబుగా ఫొటో వచ్చింది. ఆయన మానిటర్ పక్కన వెలిసిన నీలం కండువా, దానిపక్కన నా పసుపు కండువా. కింద ఒక వాక్యం: నీది నా దగ్గర భద్రంగా వుంది, కావాలంటే పంపిస్తా. వద్దన్నాను. ఇక్కడ దాన్ని వేసుకుని వెళ్ళడానికి మ్యాచ్ లేదు. అక్కడైతే కనీసం ఎవరో ఒకరు "ఇదేంటండీ?" అని అడుగుతారు, ఆయన గంటన్నర చెప్తారు.

సరే, మ్యాచ్. షెన్హువా గెలవాలంటే మొదటి ఇరవై నిమిషాల్లో గోల్ ఇవ్వకుండా నిలబడాలి. వెనకబడ్డాక తొందరపడి ముందుకి ఎగబడటం, వెనక ఖాళీలు వదిలెయ్యడం చూసి చూసి నాకు విసుగొచ్చింది. పోర్ట్‌కి మూడు టైటిళ్ళ అలవాటుంది, బాగా ఆడని రోజున కూడా ఎలా గెలవాలో వాళ్ళకి తెలుసు. అలవాటు అనేది చిన్న విషయం కాదు. నా అంచనా పోర్ట్ 2, షెన్హువా 1.

పెద్దాయన అడిగితే మాత్రం 1-1 అని చెప్పాను.